చెవిలో తెలుగు, బోర్డు మీద హిందీ
అండమాన్ తెలుగు కుటుంబాల పిల్లలకు అమ్మభాష విలువ తెలిసేది చదువు కోసం సముద్రం దాటినప్పుడే

పేర్లు మార్చడం ఢిల్లీకి సులువైన పని. అండమాన్‌లోని హేవ్‌లాక్, నీల్ దీవులు 2018 డిసెంబర్‌లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లుగా మారాయి. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయ పురమైంది. ఆ నగరంలోని జంగ్లీఘాట్‌కు మాత్రం పాత పేరే మిగిలింది. పడవలు ఒడ్డుకు చేరే వేళ అక్కడ వినిపించే భాష కూడా మారలేదు. వల సర్దుకుంటున్న మనిషి "ఏటి, ఎలగున్నావు?" అని పలకరిస్తే శ్రీకాకుళం నుంచి వెళ్లినవారికి బంగాళాఖాతం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు దాటి వచ్చామన్న సంగతి కాసేపు గుర్తుకు రాదు.

ఇదేదో నాలుగు కుటుంబాల ముచ్చట కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతానికి పైగా, అంటే సుమారు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఈ లెక్క తెలిసినవారు తక్కువ. సెల్యులర్ జైలు చూసి, బీచ్‌లో ఫోటో దిగి తిరిగి విమానమెక్కే పర్యాటకుడికి తాను ఎక్కిన ఆటో డ్రైవరు తెలుగువాడేనన్న అనుమానమే రాదు. ఇద్దరూ హిందీలోనే బేరమాడుకుంటారు మరి.

ఒకప్పుడు తెలుగువారికి అండమాన్ అంటే ద్వీపాంతర శిక్షే. 1922-24 నాటి రంప తిరుగుబాటులో పట్టుబడినవారిని కూడా బ్రిటిష్ పాలకులు ఈ దీవులకే పంపారు. ఇప్పుడున్న తెలుగు కుటుంబాలకు ఆ కథతో సంబంధం తక్కువ. వీరిలో ఎక్కువ మంది స్వాతంత్ర్యం తరువాత శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చినవారు, వారి సంతానం. చేపల వేటకు కొందరు, కూలి పనులకు కొందరు, ప్రభుత్వ కొలువులకు మరికొందరు వచ్చారు. ముందొచ్చిన బావమరిది ఉత్తరం రాస్తే వెనకొచ్చినవారూ ఉన్నారు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ప్రభుత్వం 1949 నుంచి భూములిచ్చి పునరావాసం కల్పించింది. తెలుగువారిలో అత్యధికులు మాత్రం తమ రెక్కల మీద నిలబడ్డారు.

అందుకే ఇక్కడి తెలుగుదనం సభల్లో, శాలువాల్లో కనిపించేది కాదు. అది రోజువారీ వస్తువుల్లో ఉంటుంది. చూరుకు వేలాడే ఎండు నెత్తళ్లలో, మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన బంధువు సంచిలోని ఆవకాయ సీసాలో, వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో ఉంటుంది. ఆ క్యాలెండర్‌తోనే ఒక చిక్కు. తిథులకు సూర్యోదయమే లెక్క. హైదరాబాద్ కన్నా పోర్ట్ బ్లెయిర్ 14 డిగ్రీలు తూర్పున ఉంది. గడియారం ఒకటే అయినా సూర్యుడు దాదాపు గంట ముందు నడుస్తాడు. డిసెంబర్‌లో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు అస్తమిస్తాడు. గోడ మీది క్యాలెండర్‌లో అచ్చయిన వేళలను నమ్ముకుంటే సంధ్యాదీపం చీకటిపడ్డాక వెలుగుతుంది. కాబట్టి పండుగ ఏ రోజో చెప్పడానికి పంచాంగం, దీపం ఎప్పుడో చెప్పడానికి ఆకాశం.

ఈ చిన్న చిన్న గుర్తుల విలువ ఇంట్లో ఉన్నంత కాలం పిల్లలకు తెలియదు. పై చదువులకు వెళ్లినప్పుడే తెలుస్తుంది. దీవుల్లో ఉన్నత విద్య పరిమితం. 1967లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయ ఎన్నో ఏళ్ల పాటు డిగ్రీ చదువులకు ప్రధాన ఆధారం. వైద్య కళాశాల 2015లో గానీ రాలేదు. అందుకే ఇంటర్ వయసు దాటగానే చెన్నై, కోల్‌కతా, విశాఖలకు ప్రయాణం కట్టడం ఇక్కడి కుటుంబాలకు అలవాటే. విశాఖకు నౌకలో సుమారు 56 గంటలు. చెన్నై, కోల్‌కతాలతో పోలిస్తే ఆ నౌకలు అరుదు. టికెట్ దొరికితే సగం పరీక్ష నెగ్గినట్టే.

విశాఖలో దిగిన దీవి విద్యార్థికి రెండు వింతలు ఎదురవుతాయి. మొదటిది, చుట్టూ అందరూ తెలుగు మాట్లాడుతుంటారు. ఇంటికీ జంగ్లీఘాట్‌కూ మాత్రమే చెందినదనుకున్న భాషలో బ్యాంకు మేనేజరు, బస్సు కండక్టరు, కాలేజీ ప్రిన్సిపాల్ కూడా మాట్లాడతారు. రెండోది, ఆ బస్సు బోర్డు చదవడం మాత్రం రాదు. తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. హాస్టల్లో అతని భాష విని తోటివారు నవ్వుతారు. అది యాభై, అరవై ఏళ్ల క్రితం తాత పడవలో తెచ్చుకున్న సిక్కోలు యాస. మధ్యమధ్య అండమాన్ హిందీ. టీవీ తెలుగు వింటూ పెరిగిన కుర్రకారుకు అది పాతగా, వింతగా తోస్తుంది. అదే హాస్టల్లో వంటమనిషి ఉద్దానం వాడైతే మాత్రం ఆ యాస ఒక గరిటె కూర ఎక్కువే వేయిస్తుంది.

అప్పుడే ఇల్లు గుర్తొస్తుంది. సాయంత్రం ఐదున్నరకూ వెలుగుంటే దీవిలో ఈపాటికి దీపాలు పెట్టేసి ఉంటారనిపిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన చేప తింటే జంగ్లీఘాట్ గుర్తొస్తుంది. తమిళం, బెంగాలీ, మలయాళం, నికోబారీ ఒకే తరగతి గదిలో కలిసి హిందీగా మారిపోయే వాతావరణం గుర్తొస్తుంది. అండమాన్‌లో పక్కింటివారి భాష అడగడం పరిచయం, కులం అడగడం అరుదు. తెలుగు నేల మీద ఇంటిపేరు చెప్పగానే రెండో ప్రశ్న ఏమిటో అతనికి త్వరగానే అర్థమవుతుంది.

ఇక కాగితం దగ్గరకొస్తే చిక్కు మరింత గట్టిది. ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థల్లో 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. శ్రీకాకుళం యాసలో మాట్లాడే అండమాన్ కుర్రాడు అక్కడ స్థానికేతరుడు. సొంత దీవికి తిరిగొస్తే అక్కడా లెక్క వేరే. 1942కు ముందు స్థిరపడిన కుటుంబాల వారసులకు అండమాన్‌లో ప్రత్యేక గుర్తింపు ఉంది. తరువాత వచ్చిన బెంగాలీ సెటిలర్లు కూడా వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. అంత తరువాతే వచ్చిన తెలుగువారికి ఈ రెండు గూళ్లలోనూ చోటు లేదు. రెండు ఒడ్లున్నా ఏ ఒడ్డుదీ కాని పడవ పరిస్థితి.

సంఖ్యాబలం రాజకీయాల్లో మాత్రం అప్పుడప్పుడూ పలుకుతోంది. 2022 మార్చిలో జరిగిన పోర్ట్ బ్లెయిర్ మునిసిపల్ ఎన్నికల్లో 24 వార్డులకు తెలుగుదేశం రెండు గెలిచింది. మరుసటి ఏడాది మార్చిలో బీజేపీ మద్దతుతో ఆ పార్టీకి చెందిన ఎస్. సెల్వి చైర్‌పర్సన్ అయ్యారు. ఆంధ్రలో పుట్టిన పార్టీకి సముద్రం అవతల దక్కిన నగర పీఠం అది.

ఓటుకు అక్కరకొచ్చిన తెలుగు బడికి అక్కరకొస్తోందా అన్నదే అసలు ప్రశ్న. దీవుల ప్రభుత్వ పాఠశాలలు సీబీఎస్ఈ పరిధిలోవి. బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. కానీ సముద్రం దాటి చదవాల్సిన పిల్లవాడికి ఇంగ్లీషు, దీవిలో బతకాల్సినవాడికి హిందీ అవసరం. ఈ రెంటి మధ్య తెలుగు అక్షరాలకు సమయం దొరకదు. తల్లిదండ్రులను తప్పుపట్టలేం. హైదరాబాద్‌లోనూ వారి బంధువులు చేస్తున్నది అదే. తేడా ఒక్కటే. హైదరాబాద్ పిల్లవాడికి బడి నేర్పకపోయినా వీధి బోర్డు ఎంతో కొంత నేర్పుతుంది. దీవిలో ఆ బోర్డు హిందీలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది.

చెన్నై నుంచి 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక తెలుగు పాటలు, సీరియళ్లు ఫోన్లలోకి ధారాళంగా వస్తున్నాయి. ఉపగ్రహ సిగ్నల్ కోసం పడిగాపులు పడిన రోజులతో పోలిస్తే ఇది పెద్ద ఊరటే. అయితే కేబుల్ తెచ్చేది కూడా చెవికే. విశాఖలో నాలుగేళ్లు చదివి వచ్చినవారు ఆవకాయతో పాటు మరో సరుకు కూడా తేగలరు. బస్సు బోర్డులు చూసి కష్టపడి కూడబలుక్కున్న అక్షరాలవి. తమ్ముడికో, చెల్లికో వాటిని దిద్దించడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు, ఒక పలక చాలు. అది జరగకపోతే వచ్చే తరానికి ఆ గోడ మీది క్యాలెండర్‌లో అర్థమయ్యేవి అంకెలు మాత్రమే.