పైసలకు ఒక ప్యాలెస్, ర్యాంకుకు ఇంకో ప్యాలెస్

పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపికతోని చదువుండ్రి. ఇంట్ల పదో తరగతి పిల్లలుంటే వాళ్లకు కూడా చదివి వినిపించుండ్రి.

మేము ముగ్గురం కల్వకుర్తి చుట్టుపక్కల తండాలోళ్లం. చిన్నప్పుడు శ్రీశైలం రోడ్డు మీద పట్నం పోతుంటే ఆమనగల్లు, కడ్తాల్, తుక్కుగూడ దాటి బస్సు చాంద్రాయణగుట్టకు చేరంగనే ఎవరో ఒకరు "ఆ దిక్కు గుట్ట మీద ఫలక్‌నుమా" అని చెప్పెటోళ్లు. మా అమ్మానాయినలు ఆ రోడ్డు మీదనే పట్నం పోయి బిల్డింగులకు ఇటుకలు మోసిండ్రు. ఆ గుట్ట మాత్రం ఎక్కలేదు. మాకు ఉద్యోగాలొచ్చినంక ముగ్గురం కలిసి టూరిజం ప్యాకేజీల టికెట్లు కొని లోపలికి పోయి చూసొచ్చినం. రాత్రి ఉండలేదు. ఎందుకుండలేదో కిరాయి సంగతి వింటే మీకే అర్థమైతది.

ముందు దాని చరిత్ర చెప్తం. ఫలక్‌నుమా అంటే ఉర్దూల ఆకాశానికి అద్దం. పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసిండు. ఇటలీ పాలరాయి తెప్పించి కట్టి కట్టి అప్పుల పాలైండు. ఆఖరికి అది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ చేతికి పోయింది. ఈయన మనకు కొత్తోడు కాదు. పాలమూరును 1890లో మహబూబ్‌నగర్ చేసింది ఈయన పేరు మీదనే. 1911లో చనిపోయింది కూడా ఆ ప్యాలెస్‌లనే. తర్వాత అది రాజుల గెస్ట్‌హౌస్ అయింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ దిగిండు. ఆ తర్వాత చాలా ఏండ్లు తాళాలే. తాజ్ హోటలోళ్లు లీజుకు తీసుకొని దాదాపు పదేండ్లు మరమ్మతులు చేసి 2010లో హోటల్‌గా తెరిచిండ్రు. గదులు మొత్తం 60.

లోపల మా ముగ్గురి కాళ్లు ఆగింది అన్నం తినే బల్ల కాడ. ఒక్క బల్ల, 101 మంది ఒకటేసారి కూసోవచ్చు. 2017లో ఇవాంకా ట్రంప్ హైదరాబాద్ వచ్చినప్పుడు ప్రధాని విందు ఇచ్చింది ఆడనే. మాకు మా ఆశ్రమ పాఠశాల యాదికొచ్చింది. మేము కూడా వంద మందిమి ఒకటేసారి తినెటోళ్లం, వరండాల రెండు వరసల్ల కింద కూసొని, పళ్లెం ఒళ్లె పెట్టుకొని.

ఇప్పుడు లెక్క చూడుండ్రి. 2024ల పెంచినంక మన తెలంగాణ హాస్టళ్లల్ల ఇంటర్, డిగ్రీ పిల్లలకు నెలకు మెస్ ఛార్జీ 2,100 రూపాయలు. పది నెలలకు 21,000. ఆ హోటల్ల ఒక రాత్రి కిరాయి పదుల వేలల్ల ఉంటది. అంటే ఒక పిలగాడు ఏడాదంత తినే తిండి ఖర్చు ఆడ ఒక్క రాత్రి పడకకు సరిపోదు.

దీన్ని కుళ్లుబోతుతనంతోని రాస్తలేం. హోటల్ కాకపోతే ఆ ప్యాలెస్‌ల ఇయ్యాల గబ్బిలాలే ఉండెటియేమో. ఉదయ్‌పూర్‌ల చెరువు నడుమనున్న ప్యాలెస్ 1963లనే హోటల్ అయింది. 1971ల రాజభరణాలు బంద్ అయినంక ఎందరో రాజులకు కోటలను కాపాడుకునేతందుకు హోటలే దారైంది. స్పెయిన్ దేశంల అయితే సర్కారే 1928 సంది పాత కోటలను, మఠాలను, ప్యాలెస్‌లను హోటళ్లు చేసి నడుపుతున్నది. వాటిని పారడార్ అంటరు. పాత కట్టడం నిలవాలంటే పైసలు కావాలె, అది నిజమే.

కానీ ప్యాలెస్‌ల ఉండుడుకు ఇంకో తొవ్వ కూడా ఉన్నది. అది మన పాలమూరులనే ఉన్నది. మేము ఫలక్‌నుమా చూడకముందే ఒక ప్యాలెస్‌ల మూడేండ్లు గడిపినం, కిరాయి లేకుండ.

నాగర్‌కర్నూల్ మీదికెళ్లి వనపర్తి పోతే అక్కడ సంస్థానం రాజుల ప్యాలెస్ ఉన్నది. గద్వాల, జటప్రోలు లెక్కనే వనపర్తి కూడా నిజాంకు పేష్కష్ కట్టిన సంస్థానం. ఆ ప్యాలెస్‌ల 1959లో పాలిటెక్నిక్ పెట్టిండ్రు, నెహ్రూ వచ్చి ప్రారంభించిండు. ఇప్పుడు దాని పేరు కేడీఆర్ ప్రభుత్వ పాలిటెక్నిక్. మేము ముగ్గురం డిప్లొమా చేసింది ఆడనే.

అడ్మిషన్ రోజు మాలో ఒకరి నాయిన మెట్ల కాడ చెప్పులు విడిచి చేతుల పట్టుకుండు. అటెండర్ చూసి "పెద్దాయనా, ఇది కాలేజీ, ఏసుకొనే రా" అన్నడు. ఆయన ఏసుకోలేదు. "మా తాత ధాన్యం బండితోని గేటు దాకనే వచ్చెటోడంట" అని మెల్లగ అన్నడు. తర్వాత ఫీజు కౌంటర్ కాడ కొడుకు సంతకం చేస్తుంటే కన్నార్పకుండ చూసిండు.

ఆ మాట వెనుక మన కథ మొత్తం ఉన్నది. లంబాడీ తాతముత్తాతలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి ఫౌజులకు అందించినోళ్లు. 1874ల హైదరాబాద్‌కు రైలొచ్చింది. రైళ్లు పెరిగిన కొద్ది ఎద్దుల బిడారుకు పని పోయింది. గుట్ట మీద ఫలక్‌నుమా లేస్తున్న కాలంలనే మనోళ్లు తిండికి తిప్పలు పడ్డరు. అటు నల్లమలల చెంచు అన్నలకు అడివే ఇల్లు, ఆ అడివి మీద కూడా హుకుం వేరేటోళ్లదే. పట్నంల బంజారాహిల్స్‌కు మన పేరే ఉన్నది, ఇండ్లు మాత్రం మనయి కావు. తెలంగాణల లంబాడీలను ఎస్టీలల్ల కలిపింది 1976 చట్టంతోని. 2022ల రాష్ట్రంల ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది. ఆ సీట్లు ఊరికే వచ్చినయి కావు, వాటిని ఖాళీగ ఇడిచిపెడితే ఎట్ల?

ఫలక్‌నుమా నుంచి దిగేటప్పుడు మేము మాట్లాడుకున్నది ఇదే. ఆ గేటు పైసలను చూసి తెరుచుకుంటది. వనపర్తి గేటు ర్యాంకును చూసి తెరుచుకున్నది. తండా పిల్లలకు రెండోదే అందుబాటుల ఉన్నది. డిప్లొమా చేతిల ఉంటే తర్వాత ఏ గేటు కాడికైనా నడిచిపోవచ్చు. మా టికెట్ పైసలు కూడా ఆ డిప్లొమా సంపాయించినయే.

అందుకే పదో తరగతి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఇంజనీరింగ్ డిప్లొమాకు పాలిసెట్‌ల 120 మార్కులు: లెక్కలు 60, భౌతికశాస్త్రం 30, రసాయనశాస్త్రం 30. సగం లెక్కలే, అవి ఇప్పటి సంది గట్టిగ చేయుండ్రి. కుల ధ్రువీకరణ, ఆదాయ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవాలె, కౌన్సెలింగ్ రోజు మీసేవ కాడ లైన్ల నిలబడొద్దు. ఇంటర్ అయినోళ్లల్ల ఎవరికన్న హోటల్ పని మీద మనసుంటే ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాసి హోటల్ మేనేజ్‌మెంట్ చదవొచ్చు. ఫలక్‌నుమా లాంటి హోటళ్లల్ల వంట, లెక్కలు, మేనేజర్ పని చేసేది ఆ చదువు చదివినోళ్లే.

ఈ ఏడు మీ తండాల, మీ పెంటల ఎంతమంది పది పరీక్ష రాస్తున్నరో కింద రాయుండ్రి. ఫారం నింపుడు, లెక్కల పాత పేపర్లు పంపుడు మేము ముగ్గురం చూసుకుంటం. ఆదివారం ఆదివారం కల్వకుర్తిలనే కూసుందాం, ఎవరు రాదలచుకున్నా రావచ్చు.