నెలకో పాట

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కామో లేదో, మా అబ్బాయి తన చెవిలోది తీసి నా చెవిలో పెట్టాడు.

"ఇండియన్ ఓషన్ నాన్నా! 1990 నుంచీ ఉన్న ఢిల్లీ బృందం."

రాక్ అంటే గోలనుకునేవాణ్ణి. ఇందులో తబలా, గిటారు కూర్చుని కబుర్లాడుకుంటున్నాయి.

2010లో వాళ్ళు కంపెనీలకో నమస్కారం పెట్టి, '16/330 ఖజూర్ రోడ్' పాటలేడూ నెలకొకటి చొప్పున ఊరికే పంచారట. ఆ పేరు తాము సాధన చేసిన ఇంటి చిరునామా.

"ఇరవై ఏళ్ళు పాడి ఊరికే ఇస్తారట్రా?"

"ఈ పాడే అశీమ్ చక్రవర్తి 2009 డిసెంబరులోనే పోయారు నాన్నా. అంతకుముందే రికార్డు చేసి ఉంచారు."

పోయినాయన గొంతు నెలనెలా జనం ఇళ్ళకు వచ్చిందన్నమాట!

మా ఆవిడ వంటింట్లో ఎప్పుడూ కూనిరాగాలు తీసేది. ఒక్కటీ పట్టి ఉంచుకోలేదు.

ఎల్.బి. నగర్‌లో దిగాం. చెవిలోది ఇమ్మని వాడు అడగలేదు, నేనూ ఇవ్వలేదు.