ఊరు కదిలింది... ప్రభ కదిలింది!

మహాశివరాత్రికి ముందు పల్నాడు పల్లెల్లో ఏ వీధిలోకి వెళ్లినా వెదురు గడలూ మోకులూ రంగు గుడ్డలే కనిపిస్తాయి. పగలంతా పొలం పనులు చేసుకున్నవాళ్లు సాయంత్రానికి ప్రభ దగ్గర చేరతారు. ఉద్యోగాలకని హైదరాబాద్, బెంగళూరు వెళ్లిన కుర్రాళ్లు సంక్రాంతికి రాకపోయినా ‘ప్రభ లేపే రోజుకి వచ్చేస్తాం’ అని ఫోన్లు చేస్తుంటారు. ఎందుకంటే అది ఒక ఇంటి మొక్కు కాదు, ఊరి పరువు!

నరసరావుపేటకు దగ్గర్లో ఉంది కోటప్పకొండ. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు. అందుకే అది త్రికూటం, అక్కడి శివుడు త్రికోటేశ్వరుడు. భక్తురాలైన గొల్లభామ ఆనందవల్లి కోసం స్వామి కొండ దిగుతూ, వెనక్కి తిరిగి చూడొద్దన్నాడట. ఆమె ఆగలేక చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. శివరాత్రినాడు ‘చేదుకో కోటయ్యా’ అంటూ జనం కొండెక్కుతారు. చీరాల, ఈపురుపాలెం, బాపట్ల వైపువాళ్లకీ ఇది తెలిసిన తిరునాళ్లే.

ఎడ్లబండి నుంచి ట్రాక్టర్ దాకా...

ఒకప్పుడు ఎడ్లబండి మీద కట్టిన చిన్న ప్రభలే ఉండేవి. కరెంటు బల్బులు వచ్చాక ప్రభ ఎత్తు పెరిగింది. కావూరు, మద్దిరాల, యడవల్లి, చిలకలూరిపేటను ఆనుకుని ఉన్న పురుషోత్తపట్నం లాంటి ఊళ్ల విద్యుత్ ప్రభల్లో 80, 90 అడుగులవీ ఉంటాయి. చట్రం కట్టి, రంగుల బల్బులు అల్లి, క్రేన్‌తో పైకి లేపుతారు. ట్రాక్టర్ లాగుతుంటే నాలుగు దిక్కులా మోకులు పట్టుకుని వందలమంది నడుస్తారు. ఒక పక్క మోకు వదులైతే ప్రభ రెండో పక్కకి ఒరుగుతుంది. అందుకే అక్కడ బలం కన్నా మాట వినడం ముఖ్యం. ‘ఆగు’ అంటే ఆగాలి, ‘లాగు’ అంటే లాగాలి. దారిలో కరెంటు తీగలు అడ్డొస్తే సరఫరా ఆపుతారు, తీగలు తప్పిస్తారు. చీకటి పడ్డాక కొండ కింద ప్రభలన్నీ వెలిగితే ఆకాశంలోని చుక్కలు నేల మీద నిలబడ్డట్టే!

ప్రాణాలు తీసిన పంతం

ఈ వెలుగుల వెనక ఒక చీకటి జ్ఞాపకమూ ఉంది. 1909 శివరాత్రి తిరునాళ్లకు గాదె చిన్నపరెడ్డి ప్రభ కట్టుకుని వచ్చాడు. జనసందోహంలో ఎడ్లు బెదిరాయి. పోలీసులు వాటిని కాల్చారు. జనం తిరగబడ్డారు, పోలీసుల తుపాకులు మళ్లీ పేలాయి. తర్వాత విచారణ జరిపి చిన్నపరెడ్డిని ఉరి తీశారు. ఆయన మీద జానపదులు పాటలు కట్టుకున్నారు. ప్రభ బండికి కట్టిన ఎడ్లంటే రైతుకి ఎంత ప్రాణమో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

జపాన్‌లోనూ ఇలాగే...

జపాన్‌లో టోక్యోకి దగ్గర్లోని కవగోయే పాత వర్తకుల పట్నం. 1893లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక వ్యాపారులు మందపాటి మట్టిగోడలతో దుకాణాలు కట్టుకున్నారు. ఏటా అక్టోబరులో ఆ వీధుల్లోనే పేటకో రథం బయల్దేరుతుంది. పైన పెద్ద బొమ్మ, ముందు డోలూ పిల్లనగ్రోవీ. రెండు రథాలు కూడలిలో ఎదురుపడితే ముఖాముఖి నిలిచి, వాయిద్యాలతో పోటీ పడతాయి. ప్రభల పోటీ చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు! ఎత్తు తక్కువ ద్వారాల కింద నుంచి వెళ్లేందుకు బొమ్మను కిందికి దించే ఏర్పాటు కూడా ఆ రథాల్లో ఉంటుంది. 2016లో యునెస్కో జపాన్‌లోని 33 రథోత్సవాలను కలిపి అగోచర సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. కవగోయే అందులో ఒకటి.

మన ప్రభ అలా కాదు. అది దిగదు, తీగలే దారివ్వాలి. ఎత్తు పెరిగేకొద్దీ ప్రమాదమూ ఖర్చూ పెరుగుతాయి. పక్క ఊరి ప్రభ కన్నా ఒక అడుగైనా ఎత్తుండాలన్న పంతం కొన్నిసార్లు భక్తిని మించిపోతుంది. ఎడ్లు తగ్గాయి, ముడి వేయడం తెలిసిన పెద్దలూ తగ్గుతున్నారు. క్రేన్ అద్దెకు దొరుకుతుంది గానీ, ఏ గడకి ఏ ముడి వేయాలో చెప్పే అనుభవం అద్దెకు దొరకదు. అది తాత దగ్గర కూర్చుని మనవడు నేర్చుకోవాల్సిందే.

తిరునాళ్లు ముగిశాక ప్రభ విప్పేస్తారు. గడలు చావిడి చేరతాయి, బల్బులు పెట్టెలోకి వెళ్తాయి. ఊళ్లో మాత్రం ఒకే మాట వినిపిస్తుంది... ‘వచ్చే ఏడు ఇంకో రెండడుగులు పెంచుదామా?’ ఆ మాటకు ‘ఎత్తు సంగతి తర్వాతరా, ముందు ఆ ముడి నేర్చుకో’ అనే పెద్దాయన ఉన్నంతకాలం ప్రభకు ఢోకా లేదు!