తిరువూరులో పెసరట్టు ఉప్మా

విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం వెళ్ళే బస్సు తిరువూరులో ఆగేసరికి మీకు ఆకలి వేస్తుంది. దగ్గరున్న హోటల్లో పెసరట్టు ఉప్మా చెబుతారు. చెప్పండి, తప్పులేదు. కాని ముందు పెనం వంక చూడండి.

పొట్టుతో రుబ్బిన పెసలైతే అట్టు పచ్చగా ఉంటుంది. ఆ పొట్టులో పీచు ఉంది. నూరు గ్రాముల పెసలలో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులున్నాయి. గోధుమ రవ్వలో తక్కువైన లైసిన్‌ను పెసలు పూరిస్తాయి. పెసలలో కొరవడిన మెథియొనిన్‌ను రవ్వ కొంత ఇస్తుంది. ఈ జోడీ కుదిర్చిన వంటవాడికి ఆ పేర్లు తెలియవు!

మొన్న నేను తిన్నది బాగుంది. అంచు కరకర, మధ్య మెత్తన. నూనె మూడు చెంచాలు పోశాడు, చెంచాకు 45 కేలరీలు. నాకు మధుమేహం కనుక ఉప్మా వద్దన్నాను. సర్వరు జాలిగా చూశాడు. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుందన్న సంగతి మాత్రం నా రోగులు మరచిపోతుంటారు.

కొబ్బరి చట్నీ నేను ముట్టలేదు. నా కళ్ళముందే డ్రమ్ములోని నీళ్ళు పోసి పలచన చేశారు. అట్టు పెనం మీద కాలింది, ఆ నీళ్ళు కాగలేదు. కలుషితమైన నీటివల్ల 'ఎ', 'ఇ' రకాల కామెర్లు వస్తాయి. గర్భిణులకు 'ఇ' రకం ప్రాణాపాయం. చట్నీ గిన్నె పక్కకు నెట్టి, అట్టు వేడిగా ఉండగానే తినండి, డ్రైవరు హారను కొట్టేలోగా.