పప్పులో కలిపే మందు

"చుక్కల మందు రాసివ్వండి డాక్టరు గారూ, పప్పులో కలిపేస్తాను." ఈ మాట ఓపీలో తరచూ వింటాను. అడిగినవాళ్లని తప్పుపట్టలేను. మాత్ర ఇస్తే విసిరికొడతాడు, రాత్రంతా నిద్రపోడు, తెల్లారితే పక్కింటివాళ్లతో గొడవ. ఆ ఇల్లాలికి ఇంకో దారి ఎక్కడ కనిపిస్తుంది?

అయినా నేను రాయను. ఒక టైలరు సంగతి చెబుతాను.

అన్నంలో ఎవరో ఏదో కలుపుతున్నారన్నదే అతని జబ్బు. వేరేచోట రాయించుకొచ్చిన మందును భార్య నిజంగానే చారులో కలుపుతూ వచ్చింది. గొడవలు తగ్గాయి, నిద్ర పట్టింది. కానీ చేతులు వణకసాగాయి. సూదిలో దారం ఎక్కదు, మిషను మీద కుట్టు వంకర పోతుంది. అది మందు వల్లేనని అతనికెలా తెలుస్తుంది, మందు వేసుకుంటున్న సంగతే తెలియనప్పుడు? ఒకరోజు వంటింట్లో సీసా కంటబడింది. ఆ తర్వాత ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. హోటల్లో తిని కొట్లోనే పడుకునేవాడు.

నా దగ్గరికి వచ్చినప్పుడు భార్యను కాసేపు బయట కూర్చోమని, ఏం కావాలో అతన్నే అడిగాను. "నిద్ర కావాలండీ. చేతులూ కావాలి." వణుకు తక్కువగా ఉండే మందు ఉందని, దాంతో ఒళ్లు రావచ్చని, షుగరు చూసుకుంటుండాలని చెప్పాను. ఆలోచించుకుని వస్తానన్నాడు, వచ్చాడు. రాత్రిపూట ఒక్క మాత్ర, తన చేత్తోనే వేసుకుంటానన్నాడు.

అప్పటికి అనుమానం పోలేదు. అయినా మందు గురించి విన్నాడు, లాభనష్టాలు తూచాడు, మాట చెప్పాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూడమనేది అదే. రోగి నిర్ణయం మనకు తప్పనిపించినంత మాత్రాన అతనికి నిర్ణయించుకునే శక్తి లేదనకూడదని కూడా అందులో స్పష్టంగా ఉంది.

అన్నిసార్లూ ఇలా కుదరదు. ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నా, ఎదుటివారి మీద పడుతున్నా, తనను తాను చూసుకోలేకపోతున్నా ఇష్టం లేకుండానే చేర్చుకోవాల్సి వస్తుంది. దానికి ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, మొదటి గడువు 30 రోజులు. ఆ రోజుల్లోనూ మందు ఇచ్చేముందు అదేమిటో చెప్పి ఇవ్వాలనే నా పట్టు.

కుదుటపడ్డాక టైలరు ముందస్తు ఆదేశం రాసుకున్నాడు. మళ్లీ జబ్బు ముదిరితే పాత మందు ఇవ్వొద్దని, అన్నంలో ఏదీ కలపొద్దని, తన తరఫున అక్కతో మాట్లాడమని. తన పేరు లేదని భార్య కంటతడి పెట్టుకుంది. ఎవరి పేరు రాయాలో అతని ఇష్టమని, ఎప్పుడు కావాలన్నా మార్చుకోవచ్చని ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను.