పాత ఇల్లు - కొత్త నేల

తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1997లో ఏర్పడిన తిరువళ్లూరు జిల్లాలో ఇప్పుడు అది భాగం. ఎల్లలు మారినా ఆ ప్రాంతపు ఇళ్లలో తెలుగు మాట నిలిచింది.

అక్కడి పాత ఇంటికి వీధి వైపు తిన్నె, పైన పెంకులు, లోపల నున్నటి గచ్చు ఉంటాయి. కుమ్మరి సారెపై మట్టిగొట్టం చేసి, దానిని నిలువునా చీల్చి, ఆవంలో కాల్చినవి నాటు పెంకులు. యంత్రాలతో అచ్చు వేసినవి మంగుళూరు పెంకులు. వాటి కోసం బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరులో కర్మాగారం స్థాపించారు. పెంకుల సందుల గుండా వేడిగాలి బయటికి పోతుంది. అందుకే ఎండాకాలంలో పెంకుటిల్లు హాయిగా ఉంటుంది.

అయితే పెంకుటింటికి కష్టాలూ ఉన్నాయి. కోతులు తొక్కితే పెంకులు పగులుతాయి. వానకు ఇల్లు కారుతుంది. తరచు పెంకులు సర్దించాలి. ఈ బాధ పడలేక చాలామంది మిద్దెలు కట్టుకుంటున్నారు. నేలపై అద్దంలా మెరిసే టైల్స్ పరుస్తున్నారు. వాటిని తుడవడం సులభం. కాని తడి పడితే ముసలివారు జారి పడే ప్రమాదం ఉంది. పగలంతా కాగిన కాంక్రీటు కప్పు రాత్రి ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది.

మరి ఏది మేలు? రెండింటిలోని మంచినీ కలుపుకోవడమే మేలు. వంటింటి గోడలకు మెరిసే టైల్స్, స్నానాల గదికి గరుకు టైల్స్ తగినవి. నడిమింటికి శివగంగ జిల్లాలోని ఆత్తంగుడి టైల్స్ శోభనిస్తాయి. గాజు పలకపై లోహపు అచ్చు ఉంచి, దాని గళ్లలో రంగు సిమెంటు పోసి వాటిని చేత్తో చేస్తారు. కాల్చరు, నీటిలో నానబెడతారు. ఇక విప్పిన పాత పెంకులనూ పారవేయనక్కరలేదు. కేరళలో ఎన్నో ఇళ్లు కట్టిన వాస్తుశిల్పి లారీ బేకర్ వాటిని కాంక్రీటు కప్పులోనే పొదిగించేవారు. దానివల్ల సిమెంటు ఖర్చు, ఇంట్లో వేడి రెండూ తగ్గుతాయి.

కొత్త ఇంట్లో తిన్నెకు కూడా కాస్త చోటు ఉంచాలి. పొరుగువారు దానిని తిణ్ణై అంటారు. సాయంత్రం ఇరువురూ కూర్చుని రెండు భాషలలోనూ ముచ్చటించుకునేది అక్కడే. తిన్నె పోతే, దానితోపాటు ఆ మాట కూడా పిల్లల నోట వినబడకుండా పోతుంది.