నీళ్ళు పోసిందెవరు?

ఒకరోజు పొద్దున్నే మా వాషింగ్ మెషీన్ మూత తీసి చూద్దును కదా, డ్రమ్ము అడుగున నీళ్ళు! ముందురోజు బట్టలు ఆరేశాక లోపల నేనే గుడ్డతో తుడిచాను. మెషీన్ వేసినవాళ్ళు లేరు. మరి నీళ్ళెక్కడివి?

మాది చెన్నైలో పెరంబూరు. 2019 ఎండాకాలంలో ఈ ఊరికి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోతే, జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో మా పక్కనున్న విల్లివాక్కానికి నీళ్ళు తెచ్చారు. అప్పటినుంచీ మా అత్తయ్యగారికి ఒక అలవాటు. ఖాళీ గిన్నె కనబడితే నింపిపెడతారు. బిందెలు, బకెట్లు, చివరికి ఇడ్లీపాత్ర కూడా. ఆవిడకిప్పుడు 79 ఏళ్ళు. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి రెండుసార్లు మరిచిపోయారు కూడా. ఇంకేముంది, మా అనుమానం సూటిగా ఆవిడ మీదికే పోయింది.

"అత్తయ్యా, మెషీన్‌లో నీళ్ళు పోశారా?" అని అడిగాను. "నేనెందుకు పోస్తానమ్మాయ్, అదేమన్నా గంగాళమా?" అన్నారు. మర్నాడూ నీళ్ళే. ఈసారి మావారు అడిగారు, కాస్త గట్టిగానే. మూడోరోజు ఆవిడ మాట తగ్గింది. వారం తిరిగేసరికి, నేను అడగకుండానే, "పోశానేమోలే అమ్మాయ్, నాకు గుర్తుండడం లేదు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. డాక్టరుకు చూపించాలని మావారూ నేనూ గుసగుసగా మాట్లాడుకున్నాం. పక్కగదిలో ఆవిడ మేలుకునే ఉన్నారని తర్వాత తెలిసింది.

డాక్టరు కంటే ముందు మెకానిక్కు వచ్చాడు, వేరే పని మీద. నీళ్ళ సంగతి చెబితే ఒకే ప్రశ్న వేశాడు: "తేటగా ఉంటాయా, సబ్బు మురికిగా ఉంటాయా?" తేటగానే ఉంటాయన్నాను. అలాగైతే మురికినీరు పోయే గొట్టం నుంచి వెనక్కి వచ్చినవి కావన్నాడు. ఆ గొట్టం మరీ కిందికి ఉన్నా, కాలువలోకి లోతుగా దూర్చినా అలా జరుగుతుందట. సబ్బుపొడి వేసే అర లాగి చూపించాడు. తడిగా ఉంది! "ఈ రాత్రి ప్లగ్గు తీసేసి, కుళాయి కట్టేయండి. రేపు రాత్రి ప్లగ్గు తీసే ఉంచి, కుళాయి మాత్రం తెరవండి" అని చెప్పి వెళ్ళాడు.

మొదటి రాత్రి తర్వాత డ్రమ్ము ఎండగా ఉంది. రెండో రాత్రి తర్వాత రెండు చెంబుల నీళ్ళు.

నీళ్ళు లోపలికి వచ్చే దారిలో కరెంటుతో తెరుచుకునే వాల్వు ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు లోపలి స్ప్రింగు, నీటి ఒత్తిడి కలిసి దాని రబ్బరు బిళ్ళను నొక్కిపెట్టి దారి మూసెయ్యాలి. మాది బోరునీళ్ళు. ఆ ఉప్పు, సన్న ఇసుక బిళ్ళ కింద పేరుకుని, అది పూర్తిగా మూసుకోవడం లేదు. మిషను ఆపేసినా చుక్కచుక్కగా కారుతూనే ఉంది. మెకానిక్కు కొత్త వాల్వు బిగించాడు. గొట్టం మొదట్లో ఉండే జల్లెడ కడిగి, నెలకొకసారి మీరే కడుక్కోండి అన్నాడు. (మూడేళ్ళలో ఒక్కసారీ కడగలేదు. అసలు అక్కడొక జల్లెడ ఉందనే నాకు తెలియదు.)

అత్తయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి అంతా చూస్తున్నారు. "తప్పు పాట్టిది కాదమ్మా, దీనిది" అని అతను తమిళంలో నవ్వుతూ పాత వాల్వు ఎత్తి చూపించాడు. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి, "తప్పయింది అత్తయ్యా" అన్నాను. ఆవిడ నాకేమీ జవాబు చెప్పలేదు. పారేయబోతున్న వాల్వును మాత్రం చెయ్యి చాచి అడిగి తీసుకున్నారు.

అది ఇప్పటికీ ఆవిడ మందుల డబ్బాలో ఉంది. మావారు ఎప్పుడైనా "నువ్వే మరిచిపోయి ఉంటావమ్మా" అన్నారో, మాట్లాడకుండా లేచి వెళ్ళి, దాన్ని తెచ్చి ఆయన ముందు పెడతారు.